దాలి గొంతుకు జలుబు

మా దాలినాయుడికి జలుబు చేసిందని సొంఠి కషాయం ఫ్లాస్కులో పోసుకుని నరసన్నపేట విత్తనాల కంపెనీకి వెళ్లాను. పొద్దున ఫోన్ చేస్తే వాడి గొంతు కుండలోంచి వచ్చినట్టుంది.

ఫోన్లు చూసే నరసింగరావు తల పట్టుకున్నాడు.

"జలుబు కాదు పిన్నీ. గొంతును మడతెట్టి నెట్‌లో పంపడానికి కోడెక్ అని ఒకటుంటాది. పాతదాని లైసెన్సు గడువైపోనాది. నిన్న ఊరికే దొరికింది ఒకటి ఎట్టాను."

"మాటాడ్డానికీ లైసెన్సేటిరా? నా కొడుకు గొంతు మునుపట్లా సెయ్యి. నేకపోతే ఈ కషాయమంతా నీ సేత తాగిస్తాను!"

"ఉండు పిన్నీ. ఊరికే దొరికేవాటిలోనే మంచిది ఇంకోటున్నాది." ఏవేవో నొక్కాడు. "ఇప్పుడు ఫోన్ సెయ్యి."

అక్కడే నిలబడి చేశాను. గొంతు తేటగా వచ్చింది.

"నమస్కారం. వరి విత్తనాలకు ఒకటి నొక్కండి. మళ్లీ వినాలంటే తొమ్మిది నొక్కండి."

"దాలి పోయి ఏడాదైనాది కదా, ఆడి రికార్డు తీసేసి కొత్త గొంతు ఎట్టమన్నారు పిన్నీ కంపెనీవోళ్లు. నాకే సేతులు రానేదు" అని నరసింగరావు ముక్కు తుడుచుకున్నాడు.

కషాయం అతనికి పోసి ఇచ్చాను. తొమ్మిది నొక్కాను.