నత్త

ఆవిడ పడిపోయేటప్పటికి ఆయన ముప్పై మెట్లు పైన ఉన్నాడు.

రైలు మారడానికి దిగిన ఊరది. రెండో ప్లాట్‌ఫారానికి వెళ్ళాలంటే వంతెన ఎక్కాలి. ఆయన సూట్‌కేసు పట్టుకుని చకచకా ఎక్కేసి, వెనక్కి తిరక్కుండానే కేకేశాడు.

"ఏమే నత్తా, రైలు నీకోసం ఆగదు."

ఆ పేరు పెట్టి మూడేళ్ళయింది. చుట్టాల ముందూ అదే పిలుపు, పనిమనిషి ముందూ అదే. మొదట్లో ఆవిడ కూడా నలుగురితోపాటు నవ్వేది. తర్వాత ఆ పిలుపుకే పలకడం అలవాటు చేసుకుంది.

ఈసారి పలకలేదు. దబ్బుమని చప్పుడైంది.

ఆయన దిగి వచ్చేసరికి ఎవరో ఇద్దరు ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టారు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. ఒక ముసలి పోర్టరు ఆయన చేతిలోని సూట్‌కేసునూ, కింద కూర్చున్న మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"మీ మనిషేనా?"

ఆయన తలూపాడు.

"ఎదురుగా డాక్టరమ్మ ఉంది. కుట్లు పడతాయి, పదండి" అని, పోర్టరు ఆయన కోసం చూడకుండా తనే ఆవిడ భుజం పట్టుకుని నడిపించాడు. సూట్‌కేసు మోస్తూ ఆయన వెనకాల నడిచాడు.

డాక్టరమ్మకి కూతురంత వయసు. నాలుగు కుట్లు వేసి కట్టు కట్టింది. కానీ చెయ్యి వదల్లేదు. గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. మొహం ఎత్తి కళ్ళ కింద ఉబ్బు చూసింది, సగం రాలిపోయిన కనుబొమల చివర్లు చూసింది.

"చలిగా ఉంటుందా అమ్మా?"

"ఎండల్లో కూడా స్వెట్టరు వేసుకుంటానమ్మా. నవ్వుతుంటారు."

"ఎవరు?"

"అందరూ."

"గొంతు ముందునుంచీ ఇలా బొంగురేనా?"

"కాదు. పాడేదాన్ని."

ప్రతి ప్రశ్నకూ జవాబు ఆయనకు తెలుసు. ఇంట్లో రోజూ చూస్తున్నవే. జుట్టు ఊడుతోందంటే నూనె రాసుకోమన్నాడు. ఒళ్ళు వచ్చిందంటే తిండి తగ్గించమన్నాడు. మధ్యాహ్నం నిద్ర ఆగడం లేదంటే, పనిలేనివాళ్ళకి అంతేలెమ్మన్నాడు.

డాక్టరమ్మ ఆవిణ్ణి కుర్చీ మీద మోకాళ్ళేసి నిలబెట్టి, మడమ పైన చిన్న సుత్తితో తట్టింది. పాదం చటుక్కున కదిలింది. వెనక్కి మాత్రం ఎంతో తీరిగ్గా, తోవ మరిచినట్టు వచ్చింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"రక్తపరీక్ష చేయించాలి గానీ, నాకు అనుమానం లేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళా? ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

ఆయన నోరు తెరిచాడు. ఆవిడే ముందు మాట్లాడింది.

"ఆయనకి తీరిక ఉండదమ్మా. జనంతో పని. పొద్దున్నుంచీ వస్తూనే ఉంటారు."

"కౌంటర్లో కూర్చుంటారా?"

"అలాంటిదేననుకో."

ఆయన నోరు మూసుకున్నాడు.

డాక్టరమ్మకు జాలేసినట్టుంది. కుర్చీ ఆయన వైపు జరుపుకుని, కాగితం మీద మెడ గీసి, దాని ముందు సీతాకోకచిలుక లాంటి బొమ్మ వేసింది.

"చూడండి బాబాయిగారూ, దీన్ని థైరాయిడ్ గ్రంథి అంటారు. ఇది ఒక హార్మోను తయారుచేస్తుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, ఒళ్ళు ఎంత వెచ్చగా ఉండాలి, మెదడు ఎంత చురుగ్గా ఉండాలి, అన్నీ దాని చేతిలోనే. అది తగ్గితే మనిషి మొత్తం నెమ్మదిస్తుంది. బద్ధకం కాదు. అర్థమవుతోందా?"

ఆయన తలూపాడు.

"తలలో ఇంకో చిన్న గ్రంథి ఉంటుంది. పని చెయ్యి, పని చెయ్యి అని రాత్రీ పగలూ దీని మీద కేకలేస్తూనే ఉంటుంది. కానీ చచ్చుబడిపోయినదాన్ని ఎంత కేకలేస్తే ఏం లాభం? పాపం, దానికి చేతనైతేగా."

ఆవిడ కట్టు అంచు సవరించుకుంటూ కూర్చుంది. ఆయన ఆ బొమ్మ వైపే చూస్తున్నాడు. బడిలో మొదటి వరస పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రోజుకో మాత్ర. అంతే. కొన్ని నెలల్లో మనిషి మళ్ళీ మనిషవుతుంది. ఇన్నాళ్ళూ ఊరికే బాధపడ్డారు." డాక్టరమ్మ కాగితం మడిచింది. "ఇంతకీ ఏ ఊరికి వెళ్తున్నారు?"

ఆవిడ తమ ఊరి పేరు చెప్పింది. డాక్టరమ్మ మొహం వికసించింది.

"ఆ ఊరేనా? అయితే మీకు బెంగే లేదు. హార్మోన్ల జబ్బులకు అక్కడొక పెద్ద డాక్టరు గారున్నారు. నేనెప్పుడూ చూడలేదు గానీ, మేం చదువుకున్నది ఆయన పుస్తకమే. గుమ్మంలోకి వచ్చిన మనిషి మొహం చూసే జబ్బు చెప్పేస్తారట. ఉత్తరం రాసిస్తాను, నేరుగా వెళ్ళి చూపించుకోండి."

ఆవిడ కిటికీ వైపు తిరిగి, రోడ్డు మీద పోయే బస్సులు చూడసాగింది.

డాక్టరమ్మ పేజీ నిండా రాసి, కవరులో పెట్టి అంటించింది. పైన పేరు రాసి, ఊది ఆరబెట్టి, ఆవిడకు కాకుండా ఆయనకు అందించింది.

"మీ చేతికే ఇస్తున్నా బాబాయిగారూ. ఈసారైనా ఆలస్యం చెయ్యకండి."

ఆయన రెండు చేతులతో అందుకున్నాడు.

కవరు మీద నీలం సిరాతో, గుండ్రటి అక్షరాల్లో, ముందు గౌరవంగా 'డాక్టర్' అని చేర్చి, ఆయన సొంత పేరే రాసి ఉంది.