ఫోను పడని మనిషి

సెల్‌ఫోను తరంగాలు మనిషిని ఏం చేస్తాయో పరీక్షించే గది అది. బయటి సిగ్నల్ చొరబడకుండా నాలుగు గోడలకూ రాగి రేకు తాపడం చేశారు. పరీక్షకు వచ్చిన ఇల్లాలి తలకు అతికించిన తీగలు తీస్తూ పరిశోధకురాలు నవ్వింది.

"శుభవార్త అక్కా! తల పగిలిపోతోందని మీరు అన్న ప్రతిసారీ తరంగాలు వదిలే యంత్రం ఆపే ఉంది. తరంగాలు మిమ్మల్నేం చెయ్యడం లేదు. నిక్షేపంగా ఫోను దగ్గర పెట్టుకోవచ్చు."

ఇల్లాలి ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"అలా రాయకండమ్మా, మీకు పుణ్యముంటుంది. నాకు ఫోను పడదని రాయండి."

"లేని జబ్బు ఉందని ఎలా రాయను?"

"మా ఆయన గంటగంటకూ వీడియో కాల్ చేసి, గది నాలుగు మూలలూ చూపించమంటాడు. స్నానానికి వెళ్లినా ఫోను వెంట ఉండాల్సిందే. ఈ తలనొప్పి వంక పెట్టాకే కాస్త ఊపిరాడుతోంది."

ఇంతలో తలుపు దబదబా మోగింది.

"అయిపోయిందా మేడమ్? దాని ఫోను తెచ్చాను," అన్నాడు భర్త బయటినుంచి.

రిపోర్టులో అబద్ధం రాయడానికి పరిశోధకురాలికి చెయ్యి రాలేదు. తలుపు వైపు తిరిగి మాత్రం, "ఇంకా టైము పడుతుందండీ!" అని కేకేసింది.

పక్కనున్న ఆమె గొంతు తగ్గించి ఆశగా అడిగింది.

"ఎంతసేపమ్మా?"