ఫ్లెక్సీలో మొలిచిన లీడరు

తెలంగాణ కోసం జరిగిన రాస్తారోకోను స్టూడియో నడిపే మోహసిన్ ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. వారం తిరక్కుండానే అది మెదక్ రాందాస్ చౌరస్తాలో ఫ్లెక్సీ అయింది. రోడ్డు మీద బైఠాయించిన జనం నడుమ వార్డు లీడర్ రఘుపతి కొత్తగా మొలిచాడు. నిజానికి ఆ రోజు ఆయన హవేలిఘనపూర్‌లో బావమరిది పెళ్లిలో ఉన్నాడు. ఆ పెళ్లి ఫోటోలోంచే కత్తిరించి తెచ్చారు కాబట్టి, ఉద్యమకారుడి మెడలో సగం పూలదండ మిగిలిపోయింది. ఫోటో మూలనున్న మోహసిన్ పేరు మాత్రం శుభ్రంగా చెరిగిపోయింది.

"నన్నొక్క మాట అడగొద్దా అన్నా?" అన్నాడు మోహసిన్, రఘుపతిని కలిసి.

"ఫేస్‌బుక్‌ల పెట్టినంక నీదేంది, నాదేంది తమ్మీ? అది అందరిది. నీ ఫోటో జర నల్లగుండె, వెలుగు గూడ పెంచిపిచ్చిన. థ్యాంక్స్ చెప్పవా?"

మోహసిన్ థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

పోలీసులు కూడా ఆ ఫ్లెక్సీని శ్రద్ధగా చూశారు. రోడ్డు ఆపినందుకు కేసు పెట్టి, నడిమధ్య కూర్చున్న రఘుపతిని మొదటి ముద్దాయిని చేశారు.

మర్నాడు పొద్దున్నే రఘుపతి మోహసిన్ స్టూడియోకు పరుగెత్తుకొచ్చాడు. మెడలో దండ లేదు.

"తమ్మీ, అసలు ఫోటో పట్టుకొని జర ఠాణాకు రా. దాన్ల నేను లేనని చూపియ్యాలె. తీసినోడే వచ్చి, ఇది నాదని సంతకం పెడితెనే నమ్ముతరంట."

మోహసిన్ కుర్చీ జరిపి, ఆయనను మర్యాదగా కూర్చోబెట్టాడు.

"నాదెట్లయితదన్నా? అది అందరిది గద. సంతకానికి అందర్నీ తోల్కపో."