మూడో మెట్టు

పొద్దున్నే వెర్నన్ మెట్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మే నెలలో తనే దిగ్గొట్టిన మేకును పట్టకారుతో పైకి లాగాడు. మూడో మెట్టు మీద కాలేసి చూశాడు. కుయ్యిమంది. ఇంకాస్త లాగాడు. ఈసారి ముసలి గాడిదలా ఓండ్రపెట్టింది. చాలనుకున్నాడు. తర్వాత, గోడ మీద ఆరిపోయిన చెమ్మ మరకకు కప్పుడు చల్లారిన టీ పట్టించాడు.

పదకొండింటికి లండన్ వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు.

ఆగస్టులోనే వెర్నన్ భార్య ఐవీకి దగ్గు పట్టుకుంది. క్రిస్మస్ లోపు ఇల్లు మార్చకపోతే ఈ చలికాలం గడవడం కష్టమని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది. ప్రస్తుతానికి చెల్లెలింట్లో దింపి వచ్చాడు. పదిహేనో ఏట బడి మానేసి ఉలి పట్టినవాడు వెర్నన్. వెదర్‌కోంబ్‌లో సగం కిటికీలు అతని చేతి మీద లేచినవే. అదే ఊళ్ళో తనో ఇల్లు కొనుక్కోవాలంటే మాత్రం లండన్ వాళ్ళ దయ. వాళ్ళు శనివారం వస్తారు, అంగట్లో జున్ను కొంటారు, పనిలో పనిగా వీధి కొంటారు. వేసవిలో నాలుగు జంటలు వచ్చి ఈ ఇల్లు చూసి పోయాయి. ఇది ఐదోది. ఈసారి వెర్నన్ దేన్నీ అదృష్టానికి వదిలెయ్యదలచుకోలేదు.

ముందు ఇళ్ళ ఏజెంటు పియర్స్ వచ్చాడు. వాడి వయసు వెర్నన్ రంపం వయసంత కూడా ఉండదు. వెనకాలే హ్యూగో, ఇమోజెన్. ఇద్దరి కాళ్ళకూ బురద బూట్లు. బురద అంటని బురద బూట్లు.

వెర్నన్ కిటికీ చట్రం చిత్రిక పడుతూ నిలబడ్డాడు.

"ఇతను వెర్నన్ మేస్త్రీ," అన్నాడు పియర్స్. "ఈ ఇంట్లో ఇతని చెయ్యి పడని చెక్క లేదు. నోటిని మాత్రం పట్టించుకోకండి."

హ్యూగో గుమ్మం దాటుతూనే పైదూలానికి నుదురు కొట్టుకున్నాడు.

"వారానికో బొప్పి ఖాయం సార్ ఇక్కడ," అన్నాడు వెర్నన్.

ఇమోజెన్ ఆ దూలాన్ని చేత్తో నిమిరింది. మూడు వందల ఏళ్ళుగా ఎందరి నుదుళ్ళు తాకి ఉంటాయో అంది. మొగుడి నుదురు నిమరలేదు.

వెర్నన్ దూలంలో పురుగు తొలిచిన బెజ్జాలు చూపించాడు. పురుగు కూడా అప్పటిదేనా అని హ్యూగో అడిగాడు. వెర్నన్ చెమ్మ మరక చూపించాడు. గోడ ఊపిరి పీలుస్తోందని ఇమోజెన్ ఫోటో తీసుకుంది. ఫిబ్రవరిలో ఏరు పొంగితే నేలమాళిగలో మోకాలి లోతు నీళ్ళొస్తాయని చెప్పాడు. ఏరు మన ఇంటికే వస్తుందట అని ఇమోజెన్ మొగుడితో గొప్పగా చెప్పింది.

పియర్స్ దగ్గాడు. "మేస్త్రీ, నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంటున్నాగా బాబూ," అన్నాడు వెర్నన్, ఆపకుండా. గురువారం సంత అని, తెల్లారకుండానే చేపల బండ్లు సరిగ్గా ఈ కిటికీ కిందే పెట్టెలు దింపుతాయని, చర్చి గంట పావుగంటకోసారి మోగుతుందని, రాత్రిళ్ళు కూడా దానికి సెలవు లేదని వరసపెట్టి చెప్పాడు. కిటికీలు మూసినా తెర ఎగురుతుందన్నాడు. మార్చుకుందామంటే పురాతన కట్టడమని కౌన్సిల్ వాళ్ళు ఒప్పుకోరన్నాడు.

"అంటే ఎవరూ దీన్ని పాడు చెయ్యలేరన్న మాట," అంది ఇమోజెన్.

పైకెళుతూ హ్యూగో మూడో మెట్టు మీద కాలేశాడు. మెట్టు ఓండ్రపెట్టింది. అతను మొదటిసారి మొహం ముడిచాడు. దిగి, మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ అదే కూత.

"ఊళ్ళోవాళ్ళెవరైనా అడుగుతున్నారా ఈ ఇల్లు?" అన్నాడు మెల్లగా.

"ఊళ్ళోవాళ్ళకేం పని సార్? అందరూ ఏటి అవతల కట్టిన కొత్త పెట్టెల్లాంటి ఇళ్ళకు ఎగబడుతున్నారు. చదును నేల, వెచ్చటి గోడలు."

"పాపం," అంది ఇమోజెన్.

హ్యూగో వెర్నన్ కళ్ళలోకి చూశాడు. "నిజం చెప్పండి మేస్త్రీ. మీరైతే తీసుకుంటారా దీన్ని?"

వెర్నన్ చిత్రిక కింద పెట్టాడు. ఐవీ దగ్గు గుర్తొచ్చింది. చేతికంటిన చెక్కపొట్టు దులుపుకున్నాడు.

"ఊరికే ఇచ్చినా వద్దు సార్."

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆలోచించుకుంటామని బయటికి నడిచారు. పియర్స్ వాళ్ళ వెనకే పరిగెత్తాడు.

వెర్నన్ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. సంత మైదానం మధ్యలో, రాతి శిలువ దగ్గర ముగ్గురూ ఆగారు. హ్యూగో అడ్డంగా తలూపుతున్నాడు. ఇమోజెన్ చేతులు తిప్పుతోంది. పియర్స్ బూట్ల వంక చూసుకుంటున్నాడు. హ్యూగో ఇంకోసారి అడ్డంగా తలూపాడు. వెర్నన్ చర్చి గంట రెండుసార్లు విన్నాడు.

పియర్స్ ఒక్కడే తిరిగొచ్చాడు. తలుపు జాగ్రత్తగా మూసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"వెర్నన్ గారూ, మీ ఇంటికి మీరడిగినదానికన్నా నలభై వేల పౌండ్లు ఎక్కువే ఇస్తారట, కాకపోతే ఆ మూడో మెట్టు మాత్రం మీరు పోయేముందు బాగుచెయ్యకుండా అలాగే వదిలి వెళ్ళాలట."