స్కూటర్ బుక్కు దొంగ

దొంగతనానికి ఆదివారం మధ్యాహ్నమే మంచిదని ఆనందరాజ్ నిర్ణయించుకున్నాడు. ఆ పూట తిరువళ్లూరు బజారులో చాలా షాపులు మూసి ఉంటాయి. అతను పనిచేసే మెకానిక్ షాపు షట్టర్ తాళంచెవి ఎలాగూ అతని దగ్గరే ఉంది. దొంగిలించవలసింది ఒక్క బుక్కు.

అది స్కూటర్ రిపేరు మాన్యువల్. సోమవారం స్కూటర్ కంపెనీ ఆఫీసరమ్మ వస్తోంది. షాపులో ఉండే ప్రతి ఒక్కరూ ఆమె ముందు అందులో ఒక పేజీ పైకి చదివి, ఆ ప్రకారం పని చేసి చూపించాలి. అప్పుడే షాపుకు కంపెనీ సర్వీసు సెంటరు బోర్డు వస్తుంది.

పని చేసి చూపించడానికి ఆనందరాజ్‌కు భయం లేదు. చదవడమే రాదు. బడిలో అతన్ని కొట్టని టీచరు లేడు. పేజీ తెరిస్తే చాలు, అక్షరాలు ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి గుడికి బస్సెక్కే జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ముందున్నది వెనక్కి పోతుంది, వెనకది సందు చూసుకుని ముందుకు దూరుతుంది. ఆ సంగతి పెళ్లాం శోభనకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

షాపులో ఇన్నాళ్లూ ఇబ్బంది లేకుండానే గడిచింది. "నా చేతులు నూనె గదన్నా, బుక్కు పాడైపోతాది. నువ్వే చదువు" అనేవాడు. ఓనరు సుందరరాజ్ కళ్లద్దాలు తగిలించుకుని, వేలు తడి చేసుకుని, పేజీ తిప్పి గట్టిగా చదివేవాడు. ఆనందరాజ్ విప్పేవాడు, బిగించేవాడు. బాగు చేయించుకుపోయిన బండి మళ్లీ అదే జబ్బుతో తిరిగొచ్చింది లేదు.

షట్టర్ సగం ఎత్తి లోపలికి దూరాడు. బుక్కు ఉండాల్సిన అర ఖాళీగా ఉంది. పాత టైర్ల వెనక చూశాడు. సీట్ల కింద చూశాడు. ఎక్కడా లేదు. తాను దొంగిలించాల్సిన బుక్కును ఎవరో ముందే దొంగిలించారు.

మొదట ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆ పుణ్యాత్ముడెవరో చల్లగా ఉండాలనుకున్నాడు. ఇంటికి పోయి, కడుపునిండా బిర్యానీ తిని పడుకున్నాడు.

సోమవారం పొద్దున షాపు దద్దరిల్లుతోంది.

"బుక్కు యాడ? యెవడు తీసినాడు?" అని సుందరరాజ్ అరుస్తున్నాడు. ఆఫీసరమ్మ కవిప్రియ కుర్చీలో కూర్చుని చూస్తోంది. రెండో మెకానిక్ దేవా తనకేమీ తెలియదని వాళ్లమ్మ మీద ఒట్టేశాడు.

అప్పుడే ఎదురు టీకొట్టు చెంగమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చింది. "నిన్న మధ్యాన్నం ఆనందరాజ్ షట్టర్ తీసినాడే. ఆదివారం పూట ఏం పనబ్బా ఈయనకి అనుకొంటి" అంది.

అందరి తలలూ అతని వైపు తిరిగాయి.

"కంపెనీ బుక్కు పోతే పోలీసు కంప్లైంటు ఇవ్వాల" అంది కవిప్రియ. "దొంగను పనిలో పెట్టుకొన్న షాపుకు బోర్డు ఇచ్చేదానికి కుదరదు."

పోలీసు మాట వినగానే సుందరరాజ్ అరుపులు ఆగిపోయాయి. "పోలీసులెందుకు మేడమ్. బుక్కే గదా, పోతే పోనీండి. మావాడు బంగారం" అన్నాడు.

ఓనరుకు తనంటే ఇంత అభిమానం ఉందని ఆనందరాజ్‌కు ఆ రోజే తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి మనిషికి తన మూలంగా బోర్డు పోకూడదు.

"దొంగిలించేదానికే వచ్చినా మేడమ్" అన్నాడు. "కానీ నేను వచ్చేటప్పటికే అది లేదు."

దేవా పకపకా నవ్వాడు. కవిప్రియ నవ్వలేదు. "ఆ బుక్కుతో నీకేం పని?" అని అడిగింది.

చెప్పాడు. టీచర్ల దెబ్బలు, తోసుకునే అక్షరాలు, నూనె చేతుల సాకు, అంతా తల ఎత్తకుండా చెప్పాడు. దేవా నవ్వు ఆపేశాడు. చెంగమ్మ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మా తమ్ముడికీ ఇంతే" అంది కవిప్రియ. "దీన్ని డిస్లెక్సియా అంటారు. సోమరితనం గాదు, తెలివి తక్కువ గాదు. ముందే చెప్పుంటే సరిపోయేది గదన్నా. బుక్కంతా ఫోన్లో మాటలుగా ఉండాది. చెవిలో పెట్టుకొని వినచ్చు."

అతని ఫోన్లో తనే ఎక్కించింది. అది వింటూ ఆనందరాజ్ ఒక స్కూటర్ బ్రేకు విప్పి, మళ్లీ బిగించి చూపించాడు. కవిప్రియ బండి నడిపి చూసి తృప్తిగా తలూపింది.

"ఒట్టి చేతులతో పోయిన దొంగ మీద కేసేం పెట్టేది" అంటూ బండి దిగింది. "వచ్చే వారం కొత్త బుక్కు తెస్తా. మిగతావాళ్లు అప్పుడు చదవండి."

ఆమె వెళ్లిపోయింది. దేవా చెంగమ్మ వెనకే టీకి పోయాడు. షాపులో ఇద్దరే మిగిలారు. సుందరరాజ్ వీధి వైపు ఒకసారి చూసి, తన ఫోన్ తీసి ఆనందరాజ్ చేతిలో పెట్టాడు.

"ఆ మాట్లాడే బుక్కు దీంట్లో గూడా ఎక్కించు."

"నీకెందుకన్నా? నువ్వు చదువుతావు గదా."

సుందరరాజ్ కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "పోయిన బుక్కు పూండి డ్యాములో ఉండాది. శనివారం నేనే పారేసొచ్చినా."

ఆనందరాజ్ ఫోన్ పక్కన పెట్టేశాడు. "మరి ఇన్నేళ్లూ నాకు గట్టిగా చదివి చెప్తా ఉంటివే, అదంతా ఏందన్నా?"

"ఏముండాది, నీ చెయ్యి ఏ బోల్టు మీదికి పోతే ఆ బోల్టు విప్పమని చదివినా."