రంగూను వెదుళ్ళు

“చితి ఎక్కడండీ బాబాయిగారూ?” అంది నూకరత్నం, కాగితం మీదికి వంగి.

తలపాగా కళ్ళదాకా దించుకున్న గడ్డం మనిషి నల్లసిరా కడ్డీని రాతిమీద నీళ్ళతో అరగదీస్తున్నాడు. రంగూనులో చీనావాళ్ళ దగ్గర నేర్చిన విద్యట. ఒక్క నలుపుతోనే వెదురుపొద లేచింది. ఆకు ఆకూ గాలికి ఊగుతున్నట్టే ఉంది.

“పోయిన చలికాలం ఆ పొద వెనకాలే దహనం చేశామమ్మా మీ నాన్నని. పొగమంచు కదా, కనపడదు.”

“మరి మంచు వెయ్యలేదేంటండీ?”

“మంచుని వెయ్యరమ్మా. కాగితాన్ని ఉత్తినే వదిలేస్తే అదే మంచు.”

నూకరత్నానికి ఏడుపు తన్నుకొచ్చింది. తను కడుపులో ఉండగా పొగఓడ ఎక్కిన తండ్రి. ముఖం ఎలాగూ చూడలేదు, కాలిన చోటైనా కళ్ళబడుతుందనుకుంటే అదీ తెల్లకాగితమే అయింది.

అంతకన్నా తల్లి మీద ఒళ్ళు మండిపోతోంది. పొద్దున ఈయన వాకిట్లో నిలబడి “వీరన్న ఇల్లు ఇదేనా?” అనగానే లోపల మగ్గం చప్పుడు ఆగింది. చావుకబురు విన్నాక మళ్ళీ మొదలైంది. ఉప్పాడ సముద్రం పాక లాక్కుపోతేనే ఊరు అదిరేలా ఏడ్చిన రత్తమ్మ, మొగుడు పోయాడంటే కంట తడిపెట్టలేదు. అతిథికి మజ్జిగ మాత్రం తెచ్చింది.

“ఉప్పు వెయ్యలేదేంటే అమ్మా?” అంది నూకరత్నం, తల్లి ఉప్పుజాడీ ముట్టకపోవడం చూసి.

“ఇలాగే బాగుందిలేమ్మా,” అన్నాడాయన, చెంబు దించకుండా.

రత్తమ్మ బొమ్మ వంక చూసింది. “ఆకులన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. చితి ఒక్కటే మంచులో కలిసిపోయిందన్నమాట!”

ఆయన తలెత్తలేదు. గబగబా కుంచె కడిగి, బొమ్మ నూకరత్నం చేతిలో పెట్టి లేచాడు.

“అప్పుడే వెళ్ళిపోతారా అండీ?”

“కాకినాడలో ఓడ అందుకోవాలమ్మా. రంగూనులో పెళ్ళాంబిడ్డలు ఎదురుచూస్తుంటారు.”

కబురు ఎంతసేపు దాగుతుంది? ఆయన వీధి మలుపు తిరిగేసరికి అమ్మలక్కలు వాకిట్లో చేరి, రత్తమ్మ స్నానానికి నీళ్ళు తోడేశారు. నూకరత్నం లోపలికి పరిగెత్తింది. తల్లి అద్దం ముందు కూర్చుని, రూపాయి బిళ్ళంత కుంకుమ దిద్దుకుంటోంది.

“అమ్మా! నీకేమైనా మతిపోయిందా? బొట్టు తుడుచుకుని రా, వాళ్ళు కూర్చున్నారు.”

“తుడవను.”

“మొగుడు పోయాక బొట్టేంటే? నలుగురూ ముఖాన ఉమ్మేస్తారు!”

రత్తమ్మ కుంకుమ భరిణె మూతపెట్టింది.

“మజ్జిగ తాగి వెళ్ళింది మీ నాన్నే.”