ట్రస్టు కుర్చీ

"కౌలు కట్టని కంపెనీ రేపు పొద్దుటికల్లా పొలం ఖాళీ చెయ్యాలి," అంది నోలీన్, వంటింట్లో ట్రస్టు కుర్చీలోంచి.

ఎదుటి కుర్చీలో కంపెనీగా కూర్చున్న ఆమె మొగుడు డెస్ టీ కప్పు దించాడు. పన్ను కలిసొస్తుందని ఆడిటరు ఆస్తిని రెండుగా చీల్చాడు. భూమి ట్రస్టుది, గొర్రెలు కంపెనీవి. అప్పట్నుంచీ మొగుడూ పెళ్ళాలు ఇలాగే మీటింగులు పెట్టుకుంటున్నారు.

"ఇంత కరువులో కౌలేంటే? అయినా ట్రస్టంటే నువ్వేగా!"

"మీటింగులో నేను నీ పెళ్ళాన్ని కాను. కాస్త మర్యాదగా మాట్లాడండి, డైరెక్టరుగారూ."

"మరి గొర్రెలకి మేతెవడేస్తాడు?"

"పొలం మా తమ్ముడికి కౌలుకిచ్చేశాను. వాడేస్తాడు."

డెస్ మొహం జేవురించింది. "అక్కాతమ్ముళ్ళు కలిసి నన్ను వెళ్ళగొడతారా? నేనెక్కడికి పోను?"

నోలీన్ ట్రస్టు కుర్చీలోంచి లేచొచ్చి అతని పక్కన స్టూలు మీద కూర్చుంది.

"సిడ్నీకి. గుండె ఆపరేషనుకి. పెళ్ళాంగా ఎంత బతిమాలినా గొర్రెల్ని వదిలి రానన్నావు. భూమి ఓనరు చెబితేనన్నా కదుల్తావని..."

డెస్ కిటికీలోంచి ఎండిన చెరువుకేసి చూసి, మీటింగు పుస్తకం ఆమె ముందుకి జరిపాడు.

"కంపెనీకి అభ్యంతరం లేదని రాసుకో," అన్నాడు.